టెంపర్ – ఒక మాట చరిత్ర

ముక్కోపిని చూచి వానికి టెంపర్ ఎక్కువ అందురు. ఉలి అంచు మెత్తబడినచో దాని టెంపర్ పోయినదందురు. ఒకచోట కోపము, ఒకచోట కాఠిన్యము! ఈ ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ క్రియకు మాత్రము ఈ రెండర్థములును లేవు. తగిన పాళ్లలో కలుపుట అనియే దాని భావము.

క్రీ. శ. 2వ శతాబ్దమున రోములో ప్రసిద్ధికెక్కిన గ్రీకు వైద్యుడు గేలెన్. రక్తము, శ్లేష్మము, పసుపు పిత్తము, నల్ల పిత్తము అను నాలుగు రసముల పాళ్లు కుదిరిన ఆరోగ్యము, చెడిన రోగము అని అతని మతము. మనుష్యుని స్వభావమును ఈ కలయికనుబట్టియే నిర్ణయించిరి. అరబ్బు వైద్యులు దీనిని మిజాజ్ అనిరి. ఆ మాటకును మిశ్రమమనియే అర్థము. నేటికిని ఉర్దూలో మిజాజ్ ఎట్లున్నదని కుశలమడుగుదురు. కావున టెంపర్ కోల్పోవుట అనగా సమత్వము తప్పుట. రానురాను మాట తలక్రిందులై, సమత్వము పోగా మిగిలిన కోపమునకే ఆ పేరు స్థిరపడినది! కుక్కలకు వచ్చు డిస్టెంపర్ అను వ్యాధి పేరు కూడ రసములు చెడినవను పాత నమ్మకమునుండి వచ్చినదే. దానికి కారణము వైరసు అని 1905లో ఫ్రెంచి పశువైద్యుడు కారే చూపెను. పేరు మాత్రము మారలేదు.

ఇక ఉక్కు సంగతి. టెంపరింగ్ అనగా ఉక్కును గట్టిపరచుట అని విద్యార్థులు తరచు వ్రాయుదురు. అది సరికాదు. ఎఱ్ఱగా కాల్చిన ఉక్కును నీట ముంచినపుడు, కర్బన పరమాణువులు వెలువడుటకు వ్యవధి చాలక ఇనుప స్ఫటికములలోనే చిక్కుకొనును. అందుచే ఉక్కు మిక్కిలి కఠినమగును. కాని గాజువలె పెళుసు. సుత్తి దెబ్బకు పగులును. దానిని మరల మితముగా వేడిచేయుటే టెంపరింగ్. అపుడు చిక్కిన కర్బనము కొంత విడివడి సూక్ష్మమైన కార్బైడు కణములగును. కాఠిన్యము కొంత తగ్గును, దెబ్బకు ఓర్చు శక్తి హెచ్చును.

ఎంత వేడి చాలునో థర్మామీటరు లేని కమ్మరికి తెలియుటెట్లు? మెరుగుపెట్టిన ఉక్కుపై ఏర్పడు పలుచని ఆక్సైడు పొరయే చెప్పును. సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లేత ఎండుగడ్డి రంగు, 300 దాపున నీలము. కోయు పనిముట్లకు మొదటిది, స్ప్రింగులకు రెండవది తగును. సానచక్రముపై ఉలిని ఎక్కువసేపు అదిమి, అంచు నీలమెక్కనిచ్చినవాడు దాని టెంపర్‌ను పోగొట్టుకొన్నట్లే.

తెలుగు రైతు నేల పదునైనదన్నపుడు దుక్కికి తగినంత తడి ఉన్నదని భావము. ఎక్కువైనను తక్కువైనను పదును కాదు. కమ్మరియు తన పనిముట్టుకు పదును పెట్టుదుననును. టెంపరింగ్‌కు కొత్త సంస్కృత సమాసము కల్పించుటకంటె ఈ మాటనే పాఠములలో వాడుట మేలు.