లాగ్ బుక్ నుంచి ఫోన్ యాప్ దాకా: గుట్ట ఎక్కే హ్యామ్ ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకెళ్లాలి?

ఈ ఎపిసోడ్‌లో సెట్టు గురించి కాదు, యాంటెన్నా గురించి కూడా కాదు, లాగ్ గురించి మాట్లాడుకుందాం. ఎవరితో మాట్లాడాం, ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎక్కడి నుంచి అని రాసుకునే ఆ నాలుగు ముక్కల లెక్క. ఇంట్లో టేబుల్ మీద అయితే పెద్ద సమస్య కాదు. కానీ సెట్టూ బ్యాటరీ సంచిలో వేసుకుని పెనుకొండ కోట ఎక్కారనుకోండి, లేదా గుత్తి కొండ మీద వైరు కట్టారనుకోండి, అప్పుడు కథ వేరు. "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" అని చాలామంది అడుగుతుంటారు. పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ చరిత్ర తెలిస్తే పేరు మీరే ఎంచుకుంటారు.

ముందు అనంతపురం సంగతి. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ నమ్మకం లేని వాన. రైతుకి ఇది శాపం. రేడియో వాడికి మాత్రం ఈ నేల ఇంకోలా కనిపిస్తుంది. చెట్లు తక్కువ, మైదానం విశాలం, మధ్యమధ్యలో ఒంటరిగా లేచిన రాతి గుట్టలు. ఒక గుట్ట మీద నిలబడితే ఇంకో గుట్ట కనపడుతుంది. కంటికి కనపడితే వీహెచ్‌ఎఫ్ తరంగానికీ దారి ఉన్నట్టే.

ఈ సంగతి రేడియో పుట్టకముందే ఒకాయన కనిపెట్టాడు. విలియం లాంబ్టన్ భారతదేశాన్ని కొలిచే త్రికోణ సర్వే నడిపిస్తూ 1811లో గుత్తి దగ్గర ఒక బేస్‌లైన్ కొలిపించాడు. పద్ధతి ఏంటంటే, నేల మీద కొన్ని మైళ్ల గీతని గొలుసుతో చాలా జాగ్రత్తగా కొలవడం, ఆ తర్వాత కొండ మీంచి కొండకి థియోడొలైట్‌తో కోణాలు తీయడం. ఆ మనుషులు కొండ దిగేటప్పుడు తెచ్చింది ఒక్కటే, రాసుకున్న పుస్తకం. కొండ మీద ఎంత కష్టపడినా ఆ పుస్తకం పోతే మళ్లీ ఎక్కాల్సిందే. పోర్టబుల్ ఆపరేటర్ పరిస్థితి ఇప్పటికీ అదే.

సరే, రేడియోకి వద్దాం. మన దేశంలో మొదటి అమెచ్యూర్ లైసెన్సు 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తుకి వచ్చింది, ఆయన కాల్ సైన్ 2జేకే. రెండో ప్రపంచ యుద్ధంలో అన్నీ మూసేశారు. స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ లైసెన్సులు, 1948లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా, 1978లో అమెచ్యూర్ సర్వీస్ రూల్స్. ఆ రూల్స్‌లో లాగ్ గురించి ఉన్న మాట చూడండి: బైండింగ్ చేసిన పుస్తకంలోనే రాయాలి, విడి కాగితాలు కుదరదు. ఎందుకంటే విడి కాగితం మార్చేయొచ్చు, చింపేయొచ్చు. ఇంకో మాట కూడా ఉంది: పోర్టబుల్‌గా వెళ్తే ఆ తాత్కాలిక స్థలం కూడా లాగ్‌లో రాయాలి. అంటే "నేను ఎక్కడున్నాను" అనేది అలంకారం కాదు, లెక్కలో భాగం.

కంప్యూటర్ ఎలా వచ్చింది? 1980లలో అమెరికాలో కెన్ వోల్ఫ్ అనే హ్యామ్ పోటీల కోసం సీటీ అని ఒక ప్రోగ్రాం రాశాడు. పోటీలో గంటకి వందకు పైగా కాంటాక్టులు వస్తాయి. ఇంతకుముందు ఈయనతో మాట్లాడామా లేదా అని కాగితంలో వెతకడానికే చేతులు పడిపోయేవి. కంప్యూటర్ వెంటనే చెప్పేసింది. దాని వెనకే ఇంకా చాలా ప్రోగ్రాంలు వచ్చాయి. వాటితోపాటే కొత్త గొడవ కూడా వచ్చింది: ఒక ప్రోగ్రాంలో రాసింది ఇంకో ప్రోగ్రాం చదవలేదు. ప్రోగ్రాం మార్చాలంటే పాత లాగ్ వదులుకోవాలి, లేదా కూర్చుని మళ్లీ టైప్ చేయాలి.

దీనికి విరుగుడుగా 1996లో ఏడీఐఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. ఇది చాలా సింపుల్. కాల్ అనే గుర్తు, పక్కన ఎన్ని అక్షరాలో ఆ సంఖ్య, ఆ తర్వాత అసలు కాల్ సైన్. మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ముప్పై ఏళ్లలో ఎన్నో ప్రోగ్రాంలు వచ్చాయి, పోయాయి. ఈ ఫైలు మాత్రం నిలబడింది. అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ఈ యాప్ నుంచి నా లాగ్ ఏడీఐఎఫ్‌గా బయటికి వస్తుందా? రాకపోతే ఎంత అందంగా ఉన్నా వద్దు. ధాన్యం పోయడానికే దారి ఉండి, తీయడానికి దారి లేని గాదె మనకెందుకు?

2002లో ఇంగ్లండులో సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ మొదలైంది. కొండ ఎక్కి కనీసం నాలుగు కాంటాక్టులు చేస్తే పాయింట్లు. తర్వాత పార్క్స్ ఆన్ ది ఎయిర్ వచ్చింది, అక్కడ ఒక యాక్టివేషన్‌కి పది కాంటాక్టులు కావాలి. 2003లో అమెరికా సంస్థ ఏఆర్‌ఆర్‌ఎల్ లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ పెట్టింది. ఇద్దరూ విడివిడిగా లాగ్ పంపుతారు, రెండూ సరిపోతేనే కాంటాక్ట్ ఖాయం. క్యూఎస్‌ఎల్ కార్డు కోసం నెలల తరబడి పోస్ట్‌మ్యాన్ దారి చూడటం తగ్గింది. కానీ ఒక షరతు ఉంది: ఇద్దరూ రాసిన టైము మధ్య తేడా అరగంట దాటకూడదు.

ఇక్కడే మన వాళ్లకి అసలు చిక్కు. ప్రపంచమంతా లాగ్‌లో యూటీసీ రాస్తుంది. మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. అంటే యూటీసీలో తారీఖు మారేది మనకి తెల్లవారుజాము 5:30కి. ఇప్పుడు అనంతపురం ఎండాకాలం ఊహించుకోండి. పది దాటితే బండ మీద కూర్చోలేరు, ఫోన్ కూడా వేడెక్కి ఆగిపోతుంది. అందుకని చీకటితోనే గుట్ట ఎక్కుతారు, ఐదింటికి మొదలుపెడతారు. 5:30 లోపు ఆరు కాంటాక్టులు, ఆ తర్వాత నాలుగు. మీ లెక్కకి పది. పార్క్స్ వాళ్ల లెక్కకి నిన్న ఆరు, ఈరోజు నాలుగు. ఏ రోజూ పది కాలేదు! ఆ పాయింటు పోతే పోయింది అనుకోవచ్చు. కానీ ఇండియన్ టైముని యూటీసీ గడిలో రాసేస్తే అవతలి వాళ్లు కూడా నష్టపోతారు. జపాన్‌లోనో ఇటలీలోనో ఒకాయన మీ కాల్ సైన్ కోసం గంట కష్టపడి పట్టుకుని ఉంటాడు. మీ లాగ్ ఐదున్నర గంటలు తప్పితే ఆయన కాంటాక్ట్ ఎప్పటికీ ఖాయం కాదు. కాబట్టి రెండో ప్రశ్న: యాప్ తనంతట తాను యూటీసీ వేస్తుందా, తారీఖు మారేది కంటికి కనపడేలా చూపిస్తుందా?

మూడోది, స్థలం. హ్యామ్‌లు భూగోళాన్ని గళ్లుగా విభజించి పేర్లు పెట్టుకున్నారు. హైదరాబాద్ ఎంకే97. అనంతపురం ఎంకే84, పెనుకొండ కూడా ఎంకే84. అదే కొంచెం దక్షిణానికి దిగి లేపాక్షికో హిందూపురానికో పోతే ఎంకే83. 14 డిగ్రీల అక్షాంశ రేఖ మధ్యలోంచి పోతుంది మరి. పొద్దున పెనుకొండలో, సాయంత్రం లేపాక్షిలో పనిచేస్తే రెండు వేర్వేరు గళ్లు. యాప్‌లో ఇంటి అడ్రసు గడి అలాగే ఉండిపోతే ఆ రోజు లాగ్ మొత్తం తప్పే. 1978 రూల్స్ అడిగిన తాత్కాలిక స్థలం అంటే ఇదే. ప్రతి విడతకీ స్థలం వేరేగా పెట్టుకునే వీలున్న యాప్ తీసుకోండి.

నాలుగోది, సిగ్నల్. గుట్ట మీద మొబైల్ డేటా ఒకచోట వస్తుంది, నాలుగడుగులు పక్కకి జరిగితే పోతుంది. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోని యాప్ అక్కడ బండరాయితో సమానం. ముందు ఫోన్‌లోనే సేవ్ చేసి, తర్వాత ఇంటికొచ్చి పంపించేది కావాలి. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. అందులో లాగ్ దాదాపు దానంతట అదే పడుతుంది, కానీ ల్యాప్‌టాప్ గడియారం ఒకటి రెండు సెకన్లు తేడా వచ్చినా డీకోడ్ కాకపోవచ్చు. నెట్ లేని చోట టైము జీపీఎస్ నుంచి తీసుకోవాలి.

ఐదోది, చేతులు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ6 మీద హ్యామ్‌శాట్ వెళ్లింది. మన నేల మీంచి, మన హ్యామ్‌ల కోసం. 2014 దాకా పనిచేసింది. అలాంటి ఉపగ్రహం తల మీదుగా పోయేది పావుగంట లోపే. ఒక చేత్తో యాంటెన్నా తిప్పాలి, ఇంకో చేత్తో సెట్టు పట్టుకోవాలి, రాసేదెవరు? చాలామంది వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, తర్వాత నిదానంగా విని లాగ్ ఎక్కించేవారు. కొండ మీద గాలికి కూడా ఇదే వైద్యం. రామగిరి, కడవకల్లు వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆ గాలిలో కాగితం నిలవదు. పెద్ద అక్షరాలు, తక్కువ గళ్లు, ఒక్క బొటనవేలితో పని జరిగే యాప్ అయితే మేలు. ఫోన్ కోసం వచ్చిన హ్యామ్2కే పోలో లాంటివి ఈ దృష్టితోనే చేశారు. కాగితం మీద రాసుకొచ్చి ఇంట్లో గబగబా ఎక్కించాలంటే ఫాస్ట్ లాగ్ ఎంట్రీ లాంటిది ఉంది. రెండూ మంచివే, మీ చేతికి ఏది అలవాటైతే అది.

ఇంత చెప్పాక కూడా నేను నోట్ పుస్తకం వదలమనను. ఎందుకో చెప్తాను. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, కాల్ సైన్ వీయూ4ఆర్‌బీఐ. అండమాన్ చాలా ఏళ్లుగా గాలిలో వినపడని చోటు. ప్రపంచమంతా ఆ ఒక్క కాంటాక్ట్ కోసం ఎగబడింది. కాల్ సైన్, రిపోర్టు, తర్వాత ఎవరు, అంతే. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఒక్క ఉదయంలో ఆ స్టేషన్ పని మారిపోయింది. ఫోన్లు పోయిన చోట ఎవరు క్షేమం, ఎవరి వాళ్లు ఎవరిని వెతుకుతున్నారు అనే కబుర్లు మోయడం మొదలైంది.

పోటీ సాఫ్ట్‌వేర్‌లో కాల్ సైన్‌కి గడి ఉంటుంది, సిగ్నల్ రిపోర్టుకి గడి ఉంటుంది. "ఫలానా ఆయన బతికే ఉన్నాడు, ఇంటికి చెప్పండి" అనే మాటకి గడి ఉండదు. ఆ మాట ఎవరు చెప్పారు, ఎన్నింటికి, ఎవరికి అందించాం అని రాయడానికి ఖాళీ పేజీ కావాలి. అక్కడ ఒక పేరు తప్పు రాస్తే పోయేది పాయింటు కాదు, ఒక కుటుంబం నిద్ర.

అందుకని చివరగా చెప్పేది: ఏడీఐఎఫ్ బయటికి రావాలి, నెట్ లేకుండా నడవాలి, యూటీసీ తప్పకూడదు, స్థలం విడివిడిగా పడాలి, ఒక చేత్తో పని జరగాలి. ఈ ఐదూ ఉన్నది ఏదైనా పర్లేదు. కొండ ఎక్కే ముందు ఇంటి మేడ మీద ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇరవై ఉత్తుత్తి కాంటాక్టులు రాసి, ఫైలు బయటికి తీసి చూడండి. సంచిలో ఒక బైండు పుస్తకం, పెన్సిలు కూడా వేసుకోండి. మీ ఊళ్లో పాత హ్యామ్ ఎవరైనా ఉంటే వాళ్ల లాగ్ పుస్తకాలు పాత పేపర్ల వాడికి పోకముందే అడిగి ఫోటోలు తీసి పెట్టండి. ఈ ప్రాంతం గాలిలో ఏం మాట్లాడిందో ఆ పుస్తకాలకే తెలుసు.

ఉంటానండి. 73.