చదరంగంలో ఎవరు గొప్ప? తెగని తగవు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. మన మిత్రులలో చాలామంది సర్వీసు అనుభవాలు, తీర్థయాత్రలు, ఆరోగ్య సూత్రాలు వ్రాస్తూనే ఉన్నారు. నేను చదరంగం గురించి వ్రాయదలిచాను. ఎందుకంటే నిజామాబాద్‌లో సాయంత్రం పూట నలుగురు పెన్షనర్లు కూర్చున్న చోట డి.ఎ. బకాయిల తరువాత అంతగా తెగని చర్చ నాకు తెలిసి ఇదొక్కటే: ఇంతవరకు పుట్టిన ఆటగాళ్ళలో అందరికన్నా గొప్పవాడు ఎవరు?

మా వయసువారు ఫిషర్ అంటారు. మాకన్నా పదేళ్ళు చిన్నవారు కాస్పరోవ్ అంటారు. మనుమలు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే కార్ల్‌సన్ అని తేల్చేస్తారు. ఈ తగవులో మాట చెప్పాలంటే ముందు మన ప్రాంతంలో ఈ ఆట ఎలా ఉండేదో చెప్పాలి.

నేను 1970ల మొదట్లో ఉద్యోగంలో చేరేనాటికి జిల్లా ఆఫీసుల్లో ఉర్దూలో చదువుకున్న పెద్దలు ఇంకా ఉన్నారు. వారికి ఇది షత్రంజ్. మన మంత్రి వారికి వజీరు, మన బంటు వారికి ప్యాదా. బోధన్ సంగతి మరీ ముచ్చట. 1931లో నిజాంసాగర్ పూర్తయింది, దాని నీటితో చెరకు వచ్చింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఆ చెరకు వెంట కోస్తా జిల్లాల రైతులు, మరాఠీ మాట్లాడే వారు, ఎక్కడెక్కడి పనివారో వచ్చి స్థిరపడ్డారు. ఫ్యాక్టరీ నడిచే సీజన్‌లో ఎవరికీ తీరిక ఉండేది కాదు. సీజన్ ముగిసిందంటే చెట్టు నీడన చదరంగం గుడ్డ పరిచేవారు. చుట్టూ చేరినవారి నోట తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినబడేవి.

భాషలు మూడైనా, ఆటలు మాత్రం రెండు. మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రాజుకు కోట కట్టడం లేదు. దానికి బదులు, తనకు షా పడక ముందు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి గడి చేరితే, ఏ వరుసలో చేరిందో ఆ వరుస పావుగానే మారుతుంది, కోరినట్లు మంత్రి కాదు. చదువుకున్న కుర్రవాళ్ళు ఆడేది ఇంగ్లీషు పద్ధతి. ఆటకు కూర్చునే ముందే "ఏ పద్ధతి?" అని అడగవలసి వచ్చేది. ఈ నియమాలను ఎందుకు ఇంత వివరంగా చెప్పానో కాస్త ముందుకు పోతే తెలుస్తుంది.

1972లో ఐస్‌లాండ్‌లోని రెయిక్యవిక్‌లో ఫిషర్, స్పాస్కీల పోటీ జరిగింది. ఫిషర్ మొదటి ఆట ఓడాడు, రెండవ ఆటకు రానే లేదు. అయినా చివరకు పన్నెండున్నర, ఎనిమిదిన్నర తేడాతో గెలిచాడు. అంతకు ముందు ఏడు తైమనోవ్‌ను, లార్సెన్‌ను చెరి ఆరు ఆటల్లో ఒక్కటి కూడా పోనివ్వకుండా ఓడించి వచ్చాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో పత్రిక రాగానే సినిమా పేజీ కన్నా ముందు ఆ వార్త చదివేవాళ్ళం. మా సెక్షన్‌లోని పెద్దాయన మాత్రం అద్దాలు సర్దుకుని, "మీకు సుల్తాన్ ఖాన్ తెలుసా?" అనేవారు.

అప్పటికి మాకెవరికీ తెలియదు. మీర్ సుల్తాన్ ఖాన్ పంజాబులో పుట్టి, నవాబు ఉమర్ హయాత్ ఖాన్ ఆదరణలో పైకి వచ్చిన ఆటగాడు. నేర్చుకున్నది మన పాత పద్ధతి. 1929లో లండన్ వెళ్ళి, అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ గెలిచాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో, ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి వచ్చిన కాపాబ్లాంకాను ఓడించాడు. బంటు ఒక్క గడి నడిచే ఆటలో పెరిగినవాడు, రెండు గడులు నడిచే ఆటలో ప్రారంభపు ఎత్తులన్నీ కొత్తగా నేర్చుకుని చేసిన పని ఇది. 1933 చివర స్వదేశం వచ్చాడు, అంతటితో పెద్ద పోటీలు ముగిశాయి. 1950లో ప్రపంచ సమాఖ్య గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చినప్పుడు ఆ జాబితాలో అతని పేరు లేదు. 1966లో కన్నుమూశాడు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో! అర్హత ఉండి, రిటైరై, పోయిన తరువాత ప్రమోషన్ ఆర్డరు రావడం మనకు కొత్త కాదు కదా.

ఇక మిగిలినవారి అర్హతలు చూద్దాం. లాస్కర్ 1894 నుండి 1921 వరకు, ఇరవై ఏడేళ్ళు ఛాంపియన్. అంత కాలం మరెవరూ లేరు. కాస్పరోవ్ 1985లో ఇరవై రెండేళ్ళకే కార్పోవ్‌ను గెలిచి, 2005లో ఆట మానేదాకా దాదాపు ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉన్నాడు. మన ఆనంద్ 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్, ఆపైన ఐదుసార్లు ప్రపంచ విజేత. ఆయనను 2013లో చెన్నైలోనే ఓడించిన కార్ల్‌సన్ 2014లో 2882 రేటింగ్ చేరాడు. ఇంతవరకు అదే అందరికన్నా ఎక్కువ.

మనుమల వాదమంతా ఈ రేటింగ్ అంకె మీదనే. దానిని కాస్త పరిశీలించాలి. 1972లో ఫిషర్ రేటింగ్ 2785. మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 చేరాడు. ఆనంద్ తరువాత అంత ఎత్తు చేరిన భారతీయుడు అతనే. మనందరికీ గర్వకారణం. అయితే అంత మాత్రాన అర్జున్ ఫిషర్‌ను మించాడని అనగలమా? రేటింగ్ అనేది ఆ కాలంలో ఆడేవారు ఒకరితో ఒకరు ఆడగా వచ్చే లెక్క. ఆనాడు ఫిషర్‌కు, స్పాస్కీకి మధ్య తేడా 125. అసలు చూడవలసింది అది. 1973లో చేరిన గుమస్తా మూలవేతనాన్ని, నేడు చేరిన జూనియర్ అసిస్టెంట్ మూలవేతనాన్ని పక్కపక్కన పెట్టి, రెండవవాడు అన్ని రెట్లు సమర్థుడంటే మన సంఘం ఒప్పుకుంటుందా? మధ్యలో ఎన్ని పే రివిజన్లు దాటాయి!

ఆడవారి విషయంలోనూ అంతే. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. అప్పటికి స్త్రీలలో అంత చిన్న వయసులో ఆ బిరుదు పొందినవారు లేరు, జూడిత్ పోల్గార్ రికార్డు సైతం వెనుకబడింది. తల్లి అయిన తరువాత 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీ గెలిచింది. ఇవన్నీ ఏ ఒక్క అంకెలో ఇముడుతాయి?

కాబట్టి నా లెక్కలో మూడు ప్రశ్నలు. తన కాలపువారి కన్నా ఎంత ఎత్తున నిలిచాడు? దీనికి జవాబు ఫిషర్. ఎంత కాలం నిలిచాడు, ఎంతటి ప్రత్యర్థుల మధ్య? దీనికి కాస్పరోవ్. ఒకే ఓటు ఉంటే నాది ఆయనకే. మూడవది, ఎంత తక్కువ సౌకర్యంతో ఎంత దూరం వచ్చాడు? ఈ మూడవ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగితే సుల్తాన్ ఖాన్ ముందు నిలిచేవారు అరుదు. 2024లో పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయిన గుకేశ్‌కు, అర్జున్‌కు కంప్యూటర్లు, శిక్షకులు ఉన్నారు. అది వారి తప్పు కాదు, వారి గొప్పతనమూ తగ్గదు. అయితే అవి లేనివారిని నేటి కొలతతో కొలిచి చిన్నచేయడం న్యాయం కాదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 చివర మూతపడింది. ఆ చెట్ల కింద ఆడినవారు తలా ఒక దిక్కు అయ్యారు. పాత పద్ధతి ఆట తెలిసినవారు మన సభ్యులలో ఇంకా కొందరు ఉంటారని నా నమ్మకం. వారికి నా విన్నపం ఒక్కటే: ఒక ఆదివారం మనుమలను ఎదుట కూర్చోబెట్టి ఆ నియమాలతో ఒక్క ఆట ఆడించండి. రాజు గుర్రంలా దూకినప్పుడు వారు అభ్యంతరం చెబుతారు. అప్పుడు సుల్తాన్ ఖాన్ కథ చెప్పండి. మీ ఊళ్ళో ఆడిన నియమాలు నేను చెప్పిన వాటికి భిన్నంగా ఉంటే, వచ్చే సంచికకు తప్పక వ్రాసి పంపండి.