తాబేలుకూ కోపమే!

తాబేలు కరుస్తుందంటే నమ్ముతారా? చిన్నప్పుడు క్రోసూరు చెరువు గట్టున ఒకదాన్ని ఎత్తబోయాను. మెడ ఇంత పొడుగున చాచి నా వేలు కొరకబోయింది! “ముట్టుకోకే! పట్టిందంటే ఉడుంపట్టే!” అని అమ్మమ్మ కేకేసింది. దానికి పళ్లుండవుగాని, దవడ అంచు కత్తెరలాంటిది.

1967లో సాగర్ కుడికాలువకు నీళ్లు వదలకముందు పల్నాట చాలా చెరువులు వేసవిలో బీటలు వారేవి. నీటి తాబేళ్లు బురదలో కూరుకుపోయి, వానలు పడేదాకా ఓపిక పట్టేవి. అలా దాక్కున్నవాటిని తవ్వి కూర వండుకున్నవాళ్లూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వాటిని పట్టడమే నేరం.

మనం జోలికి పోకపోతే అది మన జోలికి రాదు. ఇల్లంతా వీపున మోసేదానికి ఆమాత్రం కోపం ఉండదూ, మీరే చెప్పండి!