వేలికొన దాకా వేడి

2016 ఫిబ్రవరి 3. సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీదికి మంచుగోడ విరిగిపడింది. 19వ మద్రాస్ బెటాలియన్ జవాన్లు పదిమంది దాని కింద ఉండిపోయారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు.

వెతకడానికి వెళ్లినవాళ్లకు ఎదురైంది మెత్తటి మంచు కాదు, రాయిలా గట్టిపడ్డ నీలి మంచుగడ్డ. పాతిక అడుగుల పైచిలుకు తవ్వాలి. డ్రిల్లులు, రాడార్లు తెచ్చారు. డాట్, మిషా అనే కుక్కలు వాసన పట్టాయి. రాత్రిపూట చలి మైనస్ 40 కిందికి దిగేది.

నా ధ్యాసంతా ఆ తవ్వే చేతుల మీదే. అంత చలిలోనూ తవ్వేవాడికి చెమట పడుతుంది, గ్లౌజు లోపల తడి చేరుతుంది. చెయ్యి ఆపితే ఆ తడే శత్రువు. గాలికన్నా నీరు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మన దివిసీమలో నాట్లు వేసే ఆడవాళ్ల చేతులు పొద్దస్తమానం నీళ్లలో నాని ముడతలు పడతాయి. అయినా ఆ చేతులు సాయంత్రం పొయ్యి రాజేస్తాయి. సియాచిన్‌లో తడిసిన చెయ్యి వేళ్లనే పోగొట్టుకోవచ్చు.

అందుకే సైనికుడి గ్లౌజును వెచ్చదనం ఒక్కటే చూసి మెచ్చుకోకూడదు. ప్రయోగశాలలో వేడెక్కే లోహపు చేతికి దాన్ని తొడిగి, ఆ వేడి నిలవడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో కొలుస్తారు. తడిపి మళ్లీ కొలుస్తారు. తర్వాత మనిషికి తొడిగి చిన్న మేకులను రంధ్రాల్లో గుచ్చమంటారు, బకిల్ పెట్టమంటారు. వేలి చర్మం 15 డిగ్రీలకు దిగితే పనితనం తగ్గుతుంది. 8 దగ్గర స్పర్శే పోతుంది.

చెయ్యీ చెయ్యీ ఒకటి కాదు. చన్నీళ్లలో పెట్టిన వేళ్లకు కాసేపటికి రక్తం మళ్లీ వెల్లువెత్తుతుందని థామస్ లూయిస్ 1930లో గుర్తించాడు. ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లలో ఆ గుణం తక్కువ. డీఆర్‌డీవోకు చెందిన ఢిల్లీ సంస్థ డిపాస్, మన సైనికుల చేతులను ఆర్కిటిక్ చలిలో పరీక్షించింది ఇందుకే. బెజవాడ ఎండలో పెరిగిన కుర్రాడికి ఎవరి చేతి కొలతతోనో చేసిన గ్లౌజు ఇవ్వడం నాకు అన్యాయమనిపిస్తుంది.

2021 డిసెంబరులో డీఆర్‌డీవో, మైనస్ 50 దాకా కాచే మూడు పొరల దుస్తుల పరిజ్ఞానాన్ని అయిదు భారతీయ కంపెనీలకు అప్పగించింది. అప్పటి అధిపతి మన నెల్లూరు జిల్లా సతీష్‌రెడ్డి. సోనమ్ తర్వాత అయిదేళ్లకు పైనే పట్టింది.

2016లో సోనమ్ దగ్గర ఆరో రోజు రాత్రి, ఫిబ్రవరి 8న, మంచు అడుగున ఆ పదిమందిలో ఒకరైన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికారు. నాడి చూడాలంటే గ్లౌజు విప్పాలి. ఆ చలిలో ఎవరో ఒకరు విప్పే ఉంటారు.

11న ఢిల్లీ ఆసుపత్రిలో హనుమంతప్ప కన్నుమూశారు. ముస్తాక్ అహ్మద్ పార్నపల్లెకు పెట్టెలో వచ్చారు.