బిలియర్డ్సు కర్ర చెప్పే చరిత్ర

కొన్ని సంవత్సరముల క్రిందట గుంటూరు సీమలో ఒక పల్లెకు వెళ్ళినప్పుడు, మిరపకాయలు ఎండబోసిన కళ్ళములో కాకులను అదలించుచున్న ఒక వృద్ధుని చూచినాను. ఆయన చేతి కర్ర నన్ను ఆకర్షించినది. మొదట లావు, పోను పోను సన్నము. పొడవు మూడు మూరలకు కొంచెము మించి ఉన్నది. “ఇది ఎక్కడిది తాతా?” అని అడిగినాను. “పట్నంలో దొరల క్లబ్బు పాతసామాను వేలం వేస్తే మా నాయన తెచ్చాడు బాబూ. గట్టి కర్ర. ఈమధ్యనే గీకించి రంగు కూడా వేయించాను” అన్నాడు. అది బిలియర్డ్సు ఆడే కర్ర. ఆ గీకుడులో ఏమి పోయినదో ఆయనకు తెలియదు. తెలియకపోవుట ఆయన తప్పును కాదు.

ప్రత్తి, మిరప పండే ఈ మైదానమునకు ఆ కర్ర ఎట్లు వచ్చినదని పాఠకులకు సందేహము కలుగవచ్చును. 1953 వరకు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములోనిది. ఆ ప్రభుత్వమునకు ఆంగ్లేయుల కాలములో వేసవి రాజధాని ఉదకమండలము. 1875లో జబల్పూరులో నెవిల్ చేంబర్లేన్ అను సైనికోద్యోగి, బిలియర్డ్సు బల్లమీద రంగుబంతులు చేర్చి స్నూకరు ఆటను కల్పించినాడు. దాని నియమములు కుదుటబడినది తరువాతి దశకములో, ఉదకమండలము క్లబ్బులోనే. ఇక 1920 తరువాత వర్జీనియా పొగాకు వ్యాపారము గుంటూరు, చీరాలలకు మరికొందరు ఆంగ్లేయులను రప్పించినది. అట్టివారు నివసించిన చోట క్లబ్బు, క్లబ్బులో బిలియర్డ్సు బల్ల ఉండుట ఆనాటి రివాజు. వారు వెళ్ళిపోయిన పిదప బల్లలు, కర్రలు వేలమునకు వచ్చినవి. ఆట మాత్రము మనకు మిగిలినది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ బిలియర్డ్సు విజేత అయినాడు.

ఈ కర్రను ‘క్యూ’ అందురు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు తోక అని అర్థము. పూర్వము బంతిని వెడల్పాటి తలగల కోలతో నెట్టెడివారు. బంతి బల్ల అంచును ఆనుకొన్నప్పుడు ఆ తల అడ్డు వచ్చుటచే కోలను త్రిప్పి తోకతో పొడిచినారు. తుదకు తలపోయి తోకయే మిగిలినది. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదములో మింగో అను ఫ్రెంచి సైనికుడు కొనకు తోలుబిళ్ళను అతికించుటతో బంతిని సుళ్ళు తిప్పుట సాధ్యమైనది.

పాత కర్రను పోల్చుటకు మొదట కలప చూడవలెను. ఇంగ్లీషు కర్రలలో కాడ సాధారణముగా ఆష్ అను శీతలదేశపు చెట్టుది. దాని రేఖలు బాణపు మొనలవలె వరుసగా కనబడును. అమెరికా కర్రలలో రేఖలు స్ఫుటముగా లేని మేపుల్ ఎక్కువ. పిడికి తరచుగా నల్లచేవమాను వాడుదురు. అది బీడీ ఆకునిచ్చు మన తునికికి దగ్గరి చుట్టము.

తరువాత చూడవలసినది అతుకు. కాడను నాలుగువైపుల ఏటవాలుగా చెక్కి, నల్లచేవ పలకలను అతికించి, చేతితో నున్నగా దిద్దినచో పలకల కొనలు గుండ్రముగా తేలును. యంత్రముతో కోసి కూర్చినచో అవి సూదిగా ఉండును. మూడవది పిడిమీది ముద్రబిళ్ళ. అందు చేసినవారి పేరో, ఆటగాని పేరో ఉండును. ఉదాహరణకు, 1932 జనవరిలో లండనులో వాల్టర్ లిండ్రమ్ ఒకే వరుసలో 4137 పాయింట్లు చేసినాడు. ఆ అంకె ఉన్న బిళ్ళ అంతకు ముందుది కానేరదు. కొన్నింటిపై బరువు కూడ ఔన్సులలో ముద్రించి ఉండును. పదహారు ఔన్సులన్నచో మన లెక్కలో ఇంచుమించు ముప్పదితొమ్మిది తులములు.

మరమ్మతులో మొదటి సూత్రము: తొందరపడరాదు. రైతు ములుకర్రను ఒక కన్ను మూసి చూచినట్లు చూచిన వంకర తెలియును. దానిని నిప్పుసెగకు పెట్టి వంచరాదు. పాత అతుకులు చాలవరకు వజ్రపు బంకవి. వేడికి, చెమ్మకు అవి మెత్తబడి విడిపోవును. అట్లు విడిపోయినచో తిరిగి వజ్రముతోనే అతికించుట మేలు. మున్ముందు మరొక పనివాడు దానిని విప్పగలడు. మురికిని తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆరిన పిదప అవిసె నూనె పలుచగా రుద్ది, మిగిలినది తుడిచివేయవలెను. గరుకుకాగితము మాత్రము తాకించరాదు. కాడ ఒక్కసారి సన్నబడినచో మరల లావెక్కదు. అరిగిన అక్షరము మరల రాదు. కొనలోని ఇత్తడి పొన్ను వదులైనచో బిగించి, క్రొత్త తోలుబిళ్ళ వేసికొనవచ్చును. అది అరుగుటకే ఉన్నది. దంతపు భాగములున్న కర్రను కొనుట అమ్ముట తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని తరువాతి సవరణలు దంతపు వ్యాపారమును నిషేధించినవి.

మన వైశాఖపు ఎండకు కలప ఎండి బీటలిచ్చును. వానకారుకు చెమ్మ పీల్చి ఉబ్బును. కనుక కర్రను గోడకు ఏటవాలుగా చేరవేయక, నీడపట్టున నిలువుగా వ్రేలాడదీయుట మంచిది.

ఆ కళ్ళములోని కర్రను చేతికి తీసికొని చూచినాను. రంగు క్రింద నాలుగు గుండ్రని కొనలు లీలగా కనబడినవి. ఎవరో నేర్పరి చేతితో చేసినది. ముద్రబిళ్ళ ఉండవలసిన చోట నున్నని గుంట మాత్రమే ఉన్నది. ఏ ఊరి పనివాడో, ఏ సంవత్సరమో ఇక ఎవరును చెప్పలేరు. మీ ఇంటి అటకమీద అట్టిది ఉన్నచో ఇప్పటికి మెత్తని గుడ్డతో తుడిచి ఉంచుడు. గీకించవద్దు.