వ్యవసాయ ఉత్పాదకతలో ప్రాంతీయ వ్యత్యాసాల కొలత

వ్యవసాయ ఉత్పాదకత అనగా సాగులో వినియోగించిన భూమి, శ్రమ, నీరు వంటి వనరుల పరిమాణంతో పోల్చి చూచిన ఉత్పత్తి. ఒక దేశంలోని ప్రాంతాలను పోల్చుటకు సాధారణంగా హెక్టారు దిగుబడిని ప్రమాణంగా తీసుకుంటారు. మొత్తం ఉత్పత్తి, ఉత్పాదకత ఒకటి కావు. 2008లో విమానాశ్రయం ప్రారంభమైన శంషాబాద్ వంటి చోట్ల సాగుభూమి తగ్గితే మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. మిగిలిన పొలాల్లో హెక్టారు దిగుబడి తగ్గనవసరం లేదు.

దిగుబడి అంచనా

భారతదేశంలో దిగుబడిని పంట కోత ప్రయోగాల ద్వారా అంచనా వేస్తారు. ఈ నమూనా పద్ధతుల అభివృద్ధికి పి.సి.మహలనోబిస్, పి.వి.సుఖాత్మే కృషి చేశారు. లాటరీ వలె ఎంపిక చేసిన పొలంలో, వరి వంటి పంటలకు సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల భాగాన్ని గుర్తించి, పంటను కోసి, నూర్చి, గింజలను తూస్తారు. ఈ భాగం హెక్టారులో 400వ వంతు. కనుక తూకంలో 1 కిలో పొరపాటు హెక్టారుకు 400 కిలోల పొరపాటవుతుంది. దిగుబడి ఆధారిత పంటల బీమాలో రైతుకు అందే పరిహారం ఇటువంటి అంచనాలపై ఆధారపడుతుంది. అందుచేత అనేక పొలాల సగటును తీసుకుంటారు.

పోల్చే పద్ధతులు

* ర్యాంకుల పద్ధతి: దీనిని ఎం.జి.కెండాల్ 1939లో ఇంగ్లండు కౌంటీలకు ఉపయోగించాడు. ప్రతి పంట దిగుబడిలో ప్రాంతానికి వచ్చిన ర్యాంకుల సగటును లెక్కిస్తారు. సగటు ఎంత తక్కువైతే ఉత్పాదకత అంత ఎక్కువ. పంట విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం దీని లోపం.
* విస్తీర్ణ భారిత సూచిక: ప్రతి పంట దిగుబడిని దేశ సగటులో శాతంగా మార్చి, ఆ పంట విస్తీర్ణంతో హెచ్చవేసి, మొత్తం విస్తీర్ణంతో భాగిస్తారు. ఉదాహరణకు, ఒక ప్రాంతంలో 20 హెక్టార్ల వరి దిగుబడి దేశ సగటులో 120 శాతం, 80 హెక్టార్ల జొన్న దిగుబడి 80 శాతం అనుకొందాము. సాధారణ సగటు 100 కాగా, ఈ సూచిక 88 మాత్రమే.

జిల్లా సరిహద్దుల సమస్య

శంషాబాద్ మండలం రంగారెడ్డి జిల్లాలోనిది. ఈ జిల్లా 1978లో హైదరాబాదు జిల్లా నుండి ఏర్పడింది. 2016లో వికారాబాద్, మేడ్చల్ ప్రాంతాలు దీని నుండి విడిపోయాయి. ఒక్క రైతు దిగుబడి కూడా మారకపోయినా, సరిహద్దు మారితే జిల్లా సగటు మారవచ్చును. ఈ ఇబ్బందిని తొలగించుటకు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ జిల్లాల గణాంకాలను 1966 నాటి సరిహద్దులకు సర్దుబాటు చేసి కూడా అందిస్తుంది.

పరిమితులు

హెక్టారు దిగుబడి భూమి ఉత్పాదకతను మాత్రమే తెలుపుతుంది. వాడిన నీటిని, శ్రమను, పెట్టుబడిని తెలుపదు. నీటి వసతి గల పొలాలను, వర్షాధార పొలాలను కలిపి సగటు తీస్తే మెట్ట రైతుల స్థితి మరుగున పడుతుంది. కావున రెండింటినీ విడిగా లెక్కించడం అవసరం.

ఇవి కూడా చూడండి

* ఇక్రిశాట్
* రంగారెడ్డి జిల్లా
* శంషాబాద్ మండలం