హజార రామాలయపు శిల్పపంక్తులు

ఆలయపు గోడల చుట్టూ అడ్డపట్టీలుగా సాగే శిల్పపంక్తులను కేవలం అలంకారముగా భావించుట పరిపాటి. హంపీలోని హజార రామాలయాన్ని చూచినవారికి ఆ భావన నిలువదు.

ఈ ఆలయం 15వ శతాబ్ది ఆరంభమున, మొదటి దేవరాయల కాలంలో, విజయనగర రాజప్రాసాదముల నడుమ వెలసినది. దాని ప్రాకారం వెలుపలి ముఖాన పంక్తులు ఒకదానిపై ఒకటి సాగుచున్నవి. అడుగున ఏనుగులు, వాటిపై గుర్రాలు, ఆపైన కాల్బలం, ఇంకను పైన నర్తకీమణులు. ఇది ఏ ఉత్సవమో శిల్పి చెప్పలేదు. కాని 1443లో ఆ నగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి వేడుకలను వర్ణించుచు, బారులు తీరిన ఏనుగులను, నర్తకీజనాన్ని పేర్కొన్నాడు. పరదేశి రచన, స్వదేశి శిల్పం ఒకదానినొకటి ఎరుగవు. అందువలననే వాటి పొత్తు చరిత్రకారునికి విలువైనది.

ప్రాకారం దాటి లోనికి పోగా, ప్రధానాలయపు గోడలపై మూడు వరుసలలో రామకథ సాగును. ప్రదక్షిణము చేయువాడే దాని పాఠకుడు; అతని అడుగు ఆగినచోట కథ కూడ ఆగును. వెలుపల రాజవైభవం, లోపల రామచరితం. రాజు ఊరేగింపు రాముని చుట్టూ తిరుగునదే గాని, రాముని స్థానాన్ని ఆక్రమించునది కాదని ఈ అమరిక సూచించుచున్నది.

1565లో తళ్లికోట యుద్ధానంతరం నగరం పాడుపడినది. ప్రాసాదములకు నేడు పునాదులే మిగిలినవి. వాటి ముంగిట నడచిన ఊరేగింపు మాత్రం ఈ గోడపై ఇంకను నిలిచియున్నది.